ముట్టుకుంటేనే వచ్చే చదువు

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసివ్వండన్నా అని సంపాదక తమ్ముళ్లు అడిగినప్పుడు, విజయానికి మెట్లు, వ్యక్తిత్వ వికాసం లాంటిదేదో రాస్తామని వాళ్లు అనుకొని ఉంటారు. ఆ మెట్లు మాకూ తెలియవు. మొన్నటి చలికాలంలో మా గదిలో కిరోసిన్ వాసన మధ్య కూర్చొని, పిడికిలి కంటే కొంచెం పెద్దదైన ఒక ఇంజన్‌ను విప్పి మళ్లీ బిగించాం. అప్పుడు తెలిసిన సంగతే ఇక్కడ రాస్తున్నాం. చివర్లో కొన్ని కోరికలు కూడా ఉన్నాయి. వాటిని వార్డెన్ సారు, కళాశాలల పెద్దలు ఓపిగ్గా చదవాలని మనవి.

మేము ముగ్గురం ఒకే గదిలో ఉంటాం. ఇద్దరిది ఎం.టెక్. మెకానికల్, ఒకరిది ఎమ్మెస్సీ ఫిజిక్స్. ముగ్గురికీ ఇరవై మూడేళ్లు. ముగ్గురి ఇండ్లల్లోనూ పట్టా పుచ్చుకున్న మొదటి మనుషులం మేమే. ఒకరి నాన్న ఊళ్లో బోరు మోటార్లు బాగుచేస్తాడు. ఒకరి నాన్న హమాలీ. ఇంకొకరికి నాన్న లేడు, అమ్మ కూలికి పోయి చదివించింది. ఎవరి జాలి కోసమో ఈ మాట రాయడం లేదు. తర్వాత చెప్పబోయేదానికి దీనితో పని ఉంది.

జరిగిన సంగతి

నగరంలోని ఒక ఇంజనీరింగ్ కళాశాలలో చిన్న విమానాలు ఎగరేసే క్లబ్బు ఉంది. మన హాస్టల్ తమ్ముడొకడు అక్కడ రెండో సంవత్సరం చదువుతూ అందులో చేరాడు. పాలమూరు వైపు పిల్లవాడు. క్లబ్బుకు ఒక శిక్షణ విమానం ఉంది. బాల్సా కర్రతో చేసినది. రెక్కలు ఈ కొస నుంచి ఆ కొసకు ఐదడుగులు. ముక్కున 7.5 సి.సి. గ్లో ఇంజన్. కొన్నేళ్ల కింద ఎవరో సీనియర్లు పోటీ కోసం తెప్పించారట. పోటీ అయిపోయాక బీరువాలో పెట్టి తాళం వేశారు. ఆ బీరువా తలుపు మీద ఒక కాగితం అంటించి ఉంటుంది. "ముట్టుకోవద్దు" అని.

కిందటి డిసెంబరులో కళాశాల ఉత్సవం వచ్చింది. ముందురోజు విమానాన్ని బయటికి తీసి దుమ్ము తుడిచారు. ఇంధనం పోస్తే ఇంజన్ మోగింది. కంప్యూటర్ మీద ఎగరేయడం అందరికంటే ఎక్కువగా సాధన చేసింది మన తమ్ముడే కాబట్టి రిమోట్ అతని చేతికి ఇచ్చారు. ఊరి బయట అనుమతి ఉన్న మైదానం. విమానం చక్కగా లేచింది. పదంతస్తుల మేడంత ఎత్తుకు పోయిందో లేదో, ఇంజన్ గొంతు సన్నబడి, కీచుమని, ఆగిపోయింది. తమ్ముడు కంగారుపడి విమానాన్ని వెనక్కి మళ్లించబోయాడు. ఉన్న వేగం చాలక అది ఒక రెక్క వాల్చి, పక్కనున్న దుక్కిచేనులో ముక్కుతో దిగబడింది.

సోమవారానికల్లా నోటీసు వచ్చింది. నష్టం రూ.18,000 అనీ, నడిపిన విద్యార్థి నుంచి రాబట్టాలనీ అందులో రాశారు. ఆ రాత్రి తమ్ముడు ట్రంకు పెట్టె సర్దుకుంటుంటే చూసి, ఏంది సంగతి అని అడిగాం.

"ఇంటికి పోత అన్నా. అమ్మ ఎన్ని రోజులు కూలికి పోతే అన్ని పైసలైతయి? ముట్టుకోవద్దని రాసినదాన్ని ముట్టుకున్న. తప్పు నాదే" అన్నాడు.

ఎంత ఆపినా ఆగలేదు. తెల్లారి బస్సెక్కి వెళ్లిపోయాడు.

అతను అన్న మాట మాత్రం మా గదిలోనే ఉండిపోయింది. "ముట్టుకోవద్దు" అన్నది మన తాతలు బావి దగ్గర విన్న మాట. గుడి దగ్గర, హోటల్లో గ్లాసు దగ్గర విన్న మాట. కాగితం అంటించిన సారుకు అలాంటి ఉద్దేశం లేదని మాకు బాగా తెలుసు. సామాను చెడితే ఆడిట్‌లో జవాబు చెప్పాల్సింది తానేనని ఆయన భయం. కానీ ఒక కాగితం ఎవరు రాశారన్నదే కాదు, ఎవరు చదువుతున్నారన్నదీ చూడాలి. ఇంట్లో కారు, కంప్యూటర్, చిన్న బొమ్మ మోటారు విప్పి పాడుచేసి తిట్లు తిన్న పిల్లవాడు ఆ కాగితాన్ని పట్టించుకోడు. మనలాంటి వాళ్లం మాత్రం నమ్మేస్తాం. ఇది మన చేతులకు తగిన వస్తువు కాదేమోనని రెండడుగులు వెనక్కి వేస్తాం. అలా వెనక్కి నిలబడే నాలుగేళ్లు గడిపి, రికార్డు పుస్తకంలో పక్కవాడి రీడింగులు ఎక్కించుకొని, ఫస్ట్ క్లాసులో పాసవుతాం. మాలో ఇద్దరం బి.టెక్. అలాగే పూర్తిచేశామని ఒప్పుకోవడానికి సిగ్గుపడటం లేదు.

విప్పి చూస్తే

మేము ఆ కళాశాలకు వెళ్లి, ఇంజన్ మాకివ్వండి, బాగుచేసి తెస్తాం అని అడిగాం. "ఎట్లాగూ కండెమ్ చేసేదే, తీసుకపోండి. ఏమైనా ముక్క పోతే బాధ్యత మీది" అని సంతకం పెట్టించుకొని ఇచ్చారు. మట్టి ముద్దలా ఉంది. ప్రొపెల్లర్ విరిగిపోయింది. కార్బురేటర్ నోటినిండా ఎర్రమట్టి. ఇంధనాన్ని సరిచేసే సూది మర వంగి ఉంది.

చేతికి రాగానే ఎవరికైనా దాన్ని తిప్పి చూడాలనిపిస్తుంది. తిరుగుతుందా లేదా అని. అదే చేయకూడని పని. ఇది టూ స్ట్రోక్ ఇంజన్. కార్బురేటర్ నుంచి పడ్డ మట్టి క్రాంకు గదిలోకి, అక్కడి నుంచి సిలిండర్లోకి పోయే దారి తెరిచే ఉంటుంది. ఒక్కసారి తిప్పితే ఆ ఇసుక రేణువులు పిస్టన్‌కూ గోడకూ మధ్య పడి గీసేస్తాయి. పడినప్పుడు కలగని నష్టం తిప్పినప్పుడు కలుగుతుంది. అందుకని ముందు రంధ్రాలన్నీ గుడ్డపీలికలతో మూసి, పాత టూత్‌బ్రష్‌తో, కిరోసిన్‌తో పైపైన కడిగాం. కిరోసిన్ ఇచ్చింది బాలానగర్‌లో లేత్ నడిపే ఒక మేస్త్రి. ఆయన సంగతి మళ్లీ వస్తుంది.

తర్వాత ఒక తెల్ల ధోవతి ముక్క పరిచి దాని మీద విప్పడం మొదలుపెట్టాం. తీసిన వరుసలోనే ముక్కలు పేర్చాం. ప్రతి మెట్టుకూ సెల్‌ఫోన్‌తో ఫొటో. తల మీది మరలు ఒకదాని పక్కది కాకుండా ఎదురెదురుగా కొంచెం కొంచెం వదులు చేయాలి, లేకపోతే తల వంకరపోతుంది. వెనక మూత తీసి, కనెక్టింగ్ రాడ్‌ను క్రాంకు పిన్ను నుంచి జార్చి, సిలిండర్ గొట్టాన్ని పైకి లాగాం. గొట్టం అంచున ఒక చిన్న గంటు ఉంటుంది. అది ఎటువైపు ఉందో గుర్తు పెట్టుకోకపోతే మళ్లీ బిగించేటప్పుడు రంధ్రాల దిక్కు తప్పుతుంది.

పిస్టన్‌ను గొట్టంలో పెట్టి కింది నుంచి పైకి తోసి చూస్తే, పైకొసకు వచ్చేసరికి బిగుసుకుపోయింది. అయిపోయింది, గొట్టం నొక్కుకుపోయింది అనుకున్నాం. ఒక రాత్రంతా దిగులుపడ్డాం. మర్నాడు చదివితే తెలిసింది, అది దెబ్బ కాదు, చేసిన తీరే అంత. ఈ రకం ఇంజన్లో పిస్టన్ సిలికాన్ ఎక్కువగా కలిసిన అల్యూమినియం, గొట్టం క్రోమ్ పూత పూసిన ఇత్తడి. పిస్టన్‌కు రింగులు ఉండవు. గొట్టాన్ని పైకి పోయేకొద్దీ సన్నంగా చేస్తారు. పనిచేసేటప్పుడు పైభాగమే ఎక్కువ వేడెక్కి ఎక్కువ వ్యాకోచిస్తుంది, అప్పుడు సరిగ్గా సరిపోతుంది. చల్లగా ఉన్నప్పుడు పైన బిగుసుకోకపోతేనే ఇంజన్ అరిగిపోయినట్టు లెక్క. మేము రోగం అనుకున్నది ఆరోగ్యం. గోడ మీద సన్నని గీతలు రెండు మూడు కనిపించాయి గానీ వేలికి తగిలేంత లోతు లేవు.

క్రాంక్‌కేసు పగిలిందేమో చూడాలి. సన్నని చీలిక కంటికి ఆనదు. మేస్త్రి ఒక ఉపాయం చెప్పాడు. దాన్ని కిరోసిన్లో నానబెట్టి, పైన శుభ్రంగా తుడిచి, సుద్దపొడి చల్లి వదిలేయమన్నాడు. చీలిక ఉంటే లోపలికి దూరిన కిరోసిన్ మెల్లగా బయటికి ఊరి, సుద్ద మీద తడిగీతలా కనిపిస్తుంది. గంటసేపు చూశాం. గీత రాలేదు. ముక్కు మీద పడ్డా దాని ఎముక విరగలేదన్నమాట.

మరి తిరగనిది ఏమిటి? బేరింగులు. ఇందులో రెండు ఉంటాయి, ముందు చిన్నది, వెనక పెద్దది. అల్యూమినియం గుంతలో అవి బిగువుగా కూర్చొని ఉంటాయి. సుత్తితో కొడితే గుంత పాడవుతుంది. వేడిచేయాలి. అల్యూమినియం ఒక్కో డిగ్రీకి ఉక్కు కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. ఇంటర్లో ఆ గుణకాలు బట్టీపట్టి మార్కులు తెచ్చుకున్నవాళ్లమే. 28 మిల్లీమీటర్ల గుంతను 150 డిగ్రీలకు వేడిచేస్తే బేరింగుకూ గుంతకూ మధ్య ఎంత తేడా వస్తుందని కాగితం మీద లెక్క వేస్తే 0.04 మిల్లీమీటర్లు వచ్చింది. వెంట్రుక మందం కూడా లేదు. అంతమాత్రానికి ఊడుతుందా అని మాలో మాకే వాదన.

కిరోసినంతా సబ్బునీళ్లతో కడిగి, పూర్తిగా ఆరబెట్టాక, మెస్సులో వంట అక్క దగ్గరికి వెళ్లి దోసెల పెనం అడిగాం. "దాని మీద ఏం కాలుస్తరు బిడ్డా?" అంది. "ఇంజన్ అక్కా." ఆమె నవ్వి, పాత పెనం ఒకటి ఇచ్చింది. సన్నని మంట మీద క్రాంక్‌కేసు పెట్టి పైన మూత బోర్లించాం. నీటిచుక్క వేస్తే చుయ్యిమని ఎగిరిపోయేదాకా ఆగి, పాత గుడ్డతో పట్టుకొని చెక్కపీట మీద ఒక్కటి తట్టాం. వెనక బేరింగు టప్పుమని ఊడి పీట మీద పడింది. ఆ లెక్క నిజమని మా చదువులో మొట్టమొదటిసారి మా కళ్లతో చూశాం. ఫిజిక్స్ మిత్రుడు ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు, అంత సంతోషం.

అన్నీ ఇలాగే సజావుగా జరిగాయని చెప్పుకోం. రాణీగంజ్‌కు పోయి కొత్త బేరింగులు తెచ్చాం. ముందుది లోపలి వ్యాసం 7 మి.మీ., బయటిది 19, మందం 6. వెనకది 15, 28, 7. వీటిని అమర్చేటప్పుడు తొందరపడ్డాం. కేసు చల్లబడుతున్నా గమనించకుండా వెనక బేరింగును నొక్కేసరికి అది వంకరగా ఇరుక్కుపోయింది. దాన్ని తీయడానికి మళ్లీ పెనం, మళ్లీ పీట. బేరింగు పాడైంది. కొత్తది కొనడానికి మళ్లీ రాణీగంజ్. అది మేము పగలగొట్టిన వస్తువు. ఆ నష్టానికి మా మీద ఎవరూ నోటీసు పెట్టలేదు.

క్రాంకు కడ్డీ వంగిందేమో చూడటానికి మా విభాగంలో బతిమిలాడి డయల్ గేజ్ తెచ్చాం. కొత్త బేరింగుల మీద తిప్పి చూస్తే 0.02 మిల్లీమీటర్లకు మించి ఊగలేదు. వంగిన సూది మరను లేత్ మేస్త్రి తిన్నగా చేశాడు. లోపలి మొనకు దెబ్బ తగల్లేదు కాబట్టి బతికిపోయింది. కొస మరలు నలిగితే డై పెట్టి శుభ్రం చేశాడు. వెనక మూతకు గ్యాస్కెట్ కాగితం కత్తిరించుకున్నాం. బేరింగులు, గ్లో ప్లగ్గు, ట్యూబు, ప్రొపెల్లర్ అన్నీ కలిపి, మేము పాడుచేసిన బేరింగుతో సహా, రూ.1,640 అయింది. మేస్త్రి తన పనికి పైసలు తీసుకోలేదు. "చదువుకున్న పోరగాండ్లు నా దగ్గరికి ప్రాజెక్టు కొనుక్కోవడానికి వస్తరు. నేర్చుకోవడానికి వచ్చింది మీరే" అన్నాడు.

చెడింది ఎక్కడ?

ఇక అసలు సంగతి. పెనం మీద నుంచి ఊడిపడ్డ ఆ వెనక బేరింగును కడిగి చూస్తే లోపల గుండ్లు గోధుమరంగు తుప్పు పట్టి గరుకుగా ఉన్నాయి. ఒక్కరోజు మట్టిలో పడితే వచ్చే తుప్పు కాదది. ఏళ్ల తుప్పు. ఈ ఇంజన్ ఇంధనంలో ఎక్కువ పాలు మిథనాల్. దానికి గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. ఎగరేసిన రోజున మిగిలిన ఇంధనాన్ని కాల్చేసి, రెండు చుక్కలు నూనె వేసి తిప్పి భద్రపరచాలి. ఐదు నిమిషాల పని. ఆనాడు ఎవరూ చేయలేదు. తాళం పడింది, లోపల తుప్పు పని మొదలుపెట్టింది.

విమానం ముక్కలు కూడా తెప్పించి చూశాం. ఇంధనం డబ్బాలో బరువుకు కట్టిన మెత్తని ట్యూబు ఒకటి ఉంటుంది. విమానం ఎటు వాలినా ఇంధనం అందడానికి. అది ఏళ్ల తరబడి ఒకే తీరున పడి ఉండి, మడత దగ్గర గోరంత చీలింది. నేల మీద ఉన్నంతసేపు చీలిక ఇంధనంలో మునిగి ఉంది కాబట్టి ఇంజన్ మోగింది. ముక్కు పైకెత్తి ఎగరగానే, డబ్బాలో మట్టం తగ్గగానే, ఇంధనంతోపాటు గాలి పీల్చింది. ఇంధనం పలచబడితే ఇంజన్ ముందు గొంతు పెంచి కీచుమంటుంది, తర్వాత ఆగిపోతుంది. తమ్ముడు చెప్పిందీ అదే.

అతని తప్పేమీ లేదని మేము అనం. ఇంజన్ ఆగినప్పుడు వెనక్కి మళ్లించకుండా ముక్కు కాస్త దించి, ఎదురుగా ఉన్న చేనులోనే తిన్నగా దింపాల్సింది. విమానం నేర్చుకునే ప్రతివాడికీ మొదట చెప్పే పాఠం అది. అతనికి చెప్పినవాళ్లు లేరు. కానీ విమానం చేనులో పడకముందే బీరువాలో చెడింది. ముట్టుకున్నందుకు కాదు, ఇన్నేళ్లు ఎవరినీ ముట్టుకోనివ్వనందుకు చెడింది. నోటీసు రాసేముందు ఎవరైనా నాలుగు మరలు విప్పి ఉంటే ఈ సంగతి తెలిసేది. విప్పకుండానే నేరస్తుణ్ణి తేల్చారు.

రెండు ఉదాహరణలు

1979 ఆగస్టు 10న మన శ్రీహరికోట నుంచి ఎగిరిన మొదటి ఎస్సెల్వీ-3 రాకెట్ బంగాళాఖాతంలో పడిపోయింది. ఆ ప్రాజెక్టు నాయకుడు అబ్దుల్ కలాం. విలేకరుల ముందు నిలబడి ఆ వైఫల్యాన్ని తన మీద వేసుకున్నది ఇస్రో అధిపతి సతీశ్ ధావన్. 1980 జూలై 18న అదే రకం రాకెట్ రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టినప్పుడు మాత్రం, విలేకరులతో మాట్లాడమని ఆయన కలాంను పంపాడు. ఈ సంగతి కలాం గారు ఎన్నోచోట్ల చెప్పుకున్నారు. ఆగస్టులో ధావన్ "కలాం జీతం నుంచి కోసుకోండి" అని ఉంటే జూలై వచ్చేదా?

ఇంకొకటి విమానం పుట్టుకకు సంబంధించినది. రైట్ సోదరుల మొదటి విమానానికి ఇంజన్ చేసినవాడు చార్లీ టేలర్ అనే మెకానిక్. అమెరికాలోని డేటన్‌లో వాళ్ల సైకిల్ దుకాణంలో పనిచేసేవాడు. ఆ సోదరులిద్దరూ కాలేజీ ముఖం చూసినవారు కాదు. 1903 ఫిబ్రవరిలో పరీక్షించేటప్పుడు బేరింగులు పట్టేసి ఇంజన్ కేసు పగిలింది. మళ్లీ పోతపోయించుకొని బిగించారు. డిసెంబరు 14న తొలి ప్రయత్నంలో విమానం నేలకు తగిలి దెబ్బతింది. బాగుచేసుకొని 17న ఎగిరారు. మొదటి ప్రయాణం 12 సెకన్లు. ఆ రోజు నాలుగో ప్రయాణం తర్వాత గాలికి విమానం దొర్లిపోయి ఇంజన్ మళ్లీ పాడైంది. మన పుస్తకాల్లో ఆ 12 సెకన్లే రాస్తారు. పగలడం, పోత పోయడం, మళ్లీ బిగించడం రాయరు. అవి రాస్తే మన పిల్లలకు ఇంకొంచెం ధైర్యం వచ్చేది.

అడిగేవాళ్లకు మా జవాబు

ఇప్పుడంతా బ్యాటరీ మోటార్లే కదా, డ్రోన్ల కాలంలో ఈ నూనె ఇంజన్ ఎందుకని కొందరు మిత్రులు అడిగారు. నిజమే. బ్యాటరీ మోటారు శుభ్రం, చప్పుడు తక్కువ, ఉపయోగం ఎక్కువ. అందరూ ఇంజన్లే కొనాలని మేము చెప్పడం లేదు. అయితే డ్రోన్ పడిపోతే అందులో పోయిన సర్క్యూట్ ఎందుకు పోయిందో మామూలు కళ్లకు కనపడదు. ఈ ఇంజన్లో మాత్రం కారణం కంటికి కనిపిస్తుంది, చేతికి తగులుతుంది. మొదటిసారి విప్పే చేతులకు అలాంటి వస్తువు కావాలి. తర్వాత ఏదైనా విప్పవచ్చు.

ప్రమాదం కాదా అని వార్డెన్ సారు అడిగారు. ప్రమాదమే. మిథనాల్ విషం, దాని మంట పగటివెలుగులో సరిగ్గా కనపడదు. తిరిగే ప్రొపెల్లర్ వేలు తీసేస్తుంది. అందుకే ఇంధనం గదిలో పెట్టలేదు. పొయ్యి దగ్గరికి ఇంధనం తడి లేని ముక్కలనే తీసుకుపోయాం. ఇంజన్ నడిపేటప్పుడు కళ్లద్దాలు పెట్టుకొని, ప్రొపెల్లర్‌కు పక్కన కాకుండా వెనక నిలబడ్డాం. ప్రమాదం ఉన్న పనిని ఎలా చేయాలో చెప్పడం కూడా చదువే. తాళం వేస్తే ప్రమాదం తప్పుతుందేమో గానీ ఆ చదువు కూడా తప్పిపోతుంది.

చేతిపనికి ఇంత గొప్ప ఏమిటి, మనల్ని ఆ పనుల నుంచి బయటపడేయడానికే కదా అమ్మానాన్నలు చదివించింది అని మాలోనే ఒక మాట వచ్చింది. ఈ ప్రశ్న మాకు అన్నిటికంటే కష్టమైంది. బోరు మోటారు చుట్టే నాన్న తన కొడుకు చేతికి గ్రీజు అంటకూడదనే కోరుకున్నాడు. ఆయన కోరిక తప్పు కాదు. ఈ దేశంలో చేత్తో పనిచేసినవాణ్ణి కింద కూర్చోబెట్టారు. కానీ ఆ నాన్నకు తెలిసినంత మోటారు మాకు ఎం.టెక్.లో కూడా తెలియదు. సెలవుల్లో ఇంటికి పోయి ఈ ఇంజన్ సంగతి చెబితే ఆయన బేరింగు చేతిలో తిప్పి చూసి, "నీళ్లు తాగింది ఇది" అన్నాడు. మేము వారం రోజులు చదివి తెలుసుకున్నది ఆయనకు ఒక్క చూపులో తెలిసింది. మన ఇండ్లల్లో పగిలినదాన్ని పారేయరు. చెప్పు తెగితే కుడతారు, చీర చినిగితే బొంత కుడతారు, మోటారు కాలితే చుడతారు. ఆ విద్యను గడప దగ్గర విడిచి రమ్మంటే మనం రెండిటికీ చెడతాం. ఆ చేతికి సిద్ధాంతం తోడైతే మనల్ని వెనక్కి నిలబెట్టడం ఎవరితరమూ కాదు.

మా కోరికలు

ఒకటి: ప్రతి హాస్టల్లో ఒక పనిబల్ల కావాలి. ఒక వైసు, అలెన్ కీలు, స్క్రూడ్రైవర్లు, ఒక మల్టీమీటర్, ఒక వెర్నియర్ కాలిపర్స్ చాలు. తాళంచెవి విద్యార్థుల దగ్గరే ఉండాలి.

రెండు: కళాశాలలు కండెమ్ చేసిన సామాను పాతసామాన్ల వాడికి అమ్మేముందు ఒక నెల విద్యార్థులకు ఇవ్వాలి. బాగుచేస్తే లాభం, చేయలేకపోయినా పోయేదేమీ లేదు.

మూడు: విప్పి చూడకుండా ఏ విద్యార్థి మీదా నష్టం మోపకూడదు. రిజిస్టర్లో "ఎవరు పగలగొట్టారు" అనే గడి ఒక్కటే ఉంది. "ఏది చెడింది, ఎందుకు చెడింది, ఎలా బాగుచేశారు" అనే గడులు కూడా ఉండాలి.

నాలుగు: నెలకొక ఆదివారం ఒక మేస్త్రినో మెకానిక్‌నో హాస్టల్‌కు పిలవాలి. అతిథిగా కుర్చీ వేసి పిలవాలి, గౌరవ వేతనం ఇచ్చి పంపాలి.

వీటికి అయ్యే ఖర్చు వార్షికోత్సవ వేదిక ఖర్చు కంటే తక్కువ అని సవినయంగా మనవి చేస్తున్నాం.

చివరి మాట

ఫిబ్రవరిలో తమ్ముణ్ణి ఫోన్ చేసి పిలిపించాం. చెక్క దిమ్మకు ఇంజన్ బిగించి, హాస్టల్ వెనక ఖాళీస్థలంలో పెట్టాం. ఇంధనంలో మిథనాల్‌తోపాటు ఐదో వంతు ఆముదం. సూది మర బాగా వదులుగా తిప్పి, ప్లగ్గుకు ఒకటిన్నర వోల్టు బ్యాటరీ తగిలించి, కర్ర తమ్ముడికి ఇచ్చి ప్రొపెల్లర్ కొట్టమన్నాం. వద్దన్నాడు. చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. చాలాసేపటి తర్వాత కర్ర పట్టుకున్నాడు. నాలుగుసార్లు ఏమీ కాలేదు. ఐదోసారి పొగ చిమ్మి అందుకుంది. బ్యాటరీ తీసేసినా ప్లగ్గులోని ప్లాటినం తీగ మిథనాల్ ఆవిరితో దానంతటదే ఎర్రగా ఉండి ఇంజన్‌ను నడిపించింది. మెస్సులో ఉన్నవాళ్లంతా కంచాలతోనే బయటికి వచ్చారు. వంట అక్క కూడా వచ్చింది.

ఆముదం కాలిన వాసన వచ్చింది. తమ్ముడు నవ్వి, "మా చేన్ల పండేది ఇదే అన్నా" అన్నాడు.

బేరింగు, ట్యూబు, ఫొటోలు కలిపి మేము ఇచ్చిన రిపోర్టు చదివాక కళాశాల వాళ్లు నోటీసు వెనక్కి తీసుకున్నారు. వాళ్లకు కృతజ్ఞతలు. తమ్ముడు తిరిగి క్లాసులకు పోతున్నాడు, తప్పిన రెండు ఇంటర్నల్స్ మళ్లీ రాయాలి. విమానం రెక్కలు ఇంకా అతకాలి. బీరువా మీద కాగితం మాత్రం ఇప్పటికీ అలాగే ఉంది. అది దిగేదాకా ఇంజన్ మా గదిలోనే ఉంటుంది. తమ్ముళ్లారా, ఆదివారం పొద్దున రండి. విప్పి చూపిస్తాం. మళ్లీ బిగించడం మీ వంతు.